కొన్న గ్రనోలా బార్, ఇంట్లో చేసిన బార్, పల్లీ చిక్కీ: విశాఖలో ఏది ఎవరికి?

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణకు బయలుదేరేటప్పుడు నా భుజం సంచిలో మూడు రకాల తిండి పెట్టుకున్నాను. కొట్లో కొన్న గ్రనోలా బార్లు (ఓట్సు, గింజలు తీపితో కలిపి అచ్చుపోసిన కడ్డీలు) రెండు. వాటిలో ఒకదానికి పైన చాక్లెట్ పూత ఉంది. ముందు రోజు ఇంట్లో చేసి బటర్ పేపర్‌లో చుట్టిన బార్లు నాలుగు. మా అత్తయ్య పట్టుబట్టి పెట్టిన పల్లీ చిక్కీ పొట్లం ఒకటి. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టాం. మొత్తం 32 కిలోమీటర్లు.

హనుమంతవాక దాటేసరికి చాక్లెట్ కరిగి కవరుకు అంటుకుపోయింది. అప్పూఘర్ దగ్గర సముద్రపు గాలి, సన్నటి వాన. అక్కడ నా ఇంటి బార్ విప్పితే విరగలేదు, సాగింది. రుచి బాగానే ఉంది కానీ చేతులన్నీ జిగురు. చాక్లెట్ లేని కొన్న బార్ మాత్రం కొట్లో ఎలా ఉందో అలాగే ఉంది. మాధవధార దాటాక చిక్కీ విప్పాం. ముక్కలు ఒకదానికొకటి కాస్త అంటుకున్నా నోట్లో కరకరలాడింది. చుట్టూ నడుస్తున్నవాళ్ళకు కూడా తలో ముక్క ఇస్తే క్షణంలో పొట్లం ఖాళీ.

అప్పటిదాకా నేను "ఇంట్లో చేసిందే మంచిది" అనే ఒక్క మాట మీద ఉండేదాన్ని. ఆ రోజు తర్వాత ప్రశ్న మార్చుకున్నాను. ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు, తినేదాకా అది ఎక్కడ ఉంటుంది? ఈ మూడూ తెలిస్తే ఏది ఎంచుకోవాలో తేలిపోతుంది. ఆ తర్వాత ఏడాదిగా ప్రతి ఆదివారం చేస్తూ, కొన్నవాటి లేబుళ్ళు చదువుతూ, లెక్కలు వేసుకుంటూ తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ బార్ అంటే ఏమిటో ఒక్క మాట. అమెరికాలో 1863లో ఒక వైద్యుడు గోధుమ పిండిని రొట్టెలా కాల్చి, పొడి చేసి 'గ్రాన్యులా' అని తన రోగులకు పెట్టాడు. గ్రనోలా అనే పేరు తర్వాత వచ్చింది. ఓట్సు, గింజలు, తేనె కలిపి బార్లుగా అమ్మడం 1975లో నేచర్ వ్యాలీ అనే బ్రాండు బార్లతో బాగా పాకిపోయింది. నేను మొదటిసారి చేస్తుంటే మా అత్తయ్య పొయ్యి పక్కన నిలబడి చూసి, "ఇది పాకం పట్టి అచ్చు పోయడమేగా అమ్మాయ్, మేం సంక్రాంతికి చేసేదే" అంది. నిజమే. పాకంలో గింజలు కలిపి, పళ్ళెంలో పరిచి, గాట్లు పెట్టడం మనకు కొత్త కాదు. కొత్తది ఓట్సు ఒక్కటే.

పొట్లం వెనక చూడండి

కొన్న బార్లన్నీ ఒకటి కావు. ముందువైపు తేనె చుక్క, బాదం పప్పు బొమ్మ అన్నిటి మీదా ఉంటాయి. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవాలి. మన దేశపు ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఏది ఎక్కువ బరువు పడిందో అది ముందు రాయాలి, తక్కువ పడింది చివర రాయాలి. అంటే మొదటి మూడు పేర్లే ఆ బార్ అసలు రూపం. మొదట ఓట్సు, తర్వాత గింజలు ఉంటే సరే. రెండో పేరే గ్లూకోజ్ సిరప్ అయితే అది ఓట్సు కలిపిన మిఠాయి అనుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తీపి ఒకే పేరుతో రాదు. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, బ్రౌన్ రైస్ సిరప్, తేనె, ఇలా నాలుగైదు పేర్లుగా విడిపోతే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారుతుంది. అన్నీ కలిపితే ఓట్సు కంటే ఎక్కువ కూడా కావచ్చు. అందుకే జాబితాతో పాటు పోషక విలువల పట్టికలో 'మొత్తం చక్కెరలు', 'కలిపిన చక్కెరలు' అనే వరసలు చూడాలి. ఆ అంకె ఎక్కువగా 100 గ్రాములకు ఇస్తారు. బార్ బరువు వేరే చోట ఉంటుంది. 100 గ్రాములకు 28 గ్రాముల చక్కెర అని ఉండి, బార్ 38 గ్రాములుంటే ఒక బార్‌లో దాదాపు 10.6 గ్రాములు. కొట్లో నిలబడి ఫోన్లో ఈ ఒక్క గుణకారం చేస్తే చాలు.

జాబితాలో ఐఎన్‌ఎస్ అంకెలు (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన గుర్తు సంఖ్యలు) చూసి టెన్షన్ పడక్కర్లేదు. 322 అంటే లెసిథిన్, నూనె విడిపోకుండా చూస్తుంది. 422 గ్లిజరాల్, బార్ ఎండిపోకుండా మెత్తగా ఉంచుతుంది. ఆరు నెలలు అరలో ఉండాల్సిన వస్తువుకు అవి అవసరం. ఇవి విషాలు కావు. నేను ఇంతకంటే జాగ్రత్తగా చూసేది 'నో యాడెడ్ షుగర్' అన్న మాట దగ్గర. దానికి అర్థం తీపి లేదని కాదు. ఖర్జూరం ముద్దతో తీపి వచ్చి ఉండొచ్చు, అది సరే. చక్కెర బదులు వాడే మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి తీపి పదార్థాలు వేసి ఉంటే కొంతమందికి, ముఖ్యంగా పిల్లలకు, ఒకటికి రెండు తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి.

ప్రొటీన్ బార్ వేరే వస్తువు. జిమ్‌కి వెళ్ళేవాళ్ళకు 10 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఇచ్చేలా పాల ప్రొటీన్ పొడి కలిపి చేస్తారు. దాన్ని గ్రనోలా బార్‌తో పోల్చి "ఇంట్లో అంత ప్రొటీన్ ఎలా తేవాలి" అని అడిగేవాళ్ళు చాలామంది కనిపించారు. పొడి కొనకుండా రాదు. ఆ అవసరం ఉంటే అది కొనుక్కోవడమే మంచిది, లేకపోతే రెండు గుడ్లు తినండి.

నా మొదటి కొలత ఎందుకు తప్పు

మొదట్లో నేను 150 గ్రాముల బెల్లం, 60 గ్రాముల తేనె, 40 గ్రాముల ఖర్జూరం వేసి పన్నెండు బార్లు చేశాను. ముక్కలు చక్కగా అంటుకున్నాయి, పిల్ల ఇష్టంగా తింది. తర్వాత కూర్చుని లెక్క వేశాను. బెల్లంలో సుమారు 85 శాతం, తేనెలో 80 శాతం, ఖర్జూరంలో 65 శాతం చక్కెరలే. మొత్తం 200 గ్రాములు దాటింది. ఒక్కో బార్‌లో 17 గ్రాములు. కొన్న బార్ కంటే ఎక్కువ! అత్తయ్య చేతి బెల్లం మీదున్న నమ్మకం నాకూ ఉంది. కానీ రక్తంలోకి వెళ్ళాక బెల్లం, తేనె, పంచదార ఇంచుమించు ఒకే పని చేస్తాయి. ఇనుము, ఖనిజాలు కొంచెం ఉన్నా మనం తినే బెల్లం ముక్కలో అవి లెక్కకు వచ్చేంత ఉండవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం విడిగా కలిపే చక్కెరలు రోజు శక్తిలో 10 శాతానికి లోపు ఉండాలి, 5 శాతానికి లోపు ఉంటే ఇంకా మేలు. 2000 కేలరీలు తినేవాళ్ళకు ఆ 5 శాతం అంటే 25 గ్రాములు. ఇందులోకి తేనె, బెల్లం వస్తాయి. గింజ తీసిన ఖర్జూరం ముక్కగా తింటే రాదు. పొద్దున్న కాఫీ, సాయంత్రం బిస్కెట్టు, మధ్యలో ఇలాంటి బార్ అంటే 25 ఎప్పుడో దాటిపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో నిలబడిన కొలత ఇది. రోల్డ్ ఓట్సు 150 గ్రాములు. ఇన్‌స్టంట్ ఓట్సు వద్దు, పాకంలో పిండిలా అయిపోతాయి. వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గుళ్ళు 75, నువ్వులు 25, గుమ్మడి గింజలు 25, జీడిపప్పు ముక్కలు 25. బెల్లం 80, తేనె 40, ఖర్జూరం ముక్కలు 40, నెయ్యి 20, ఉప్పు చిటికెడు. అన్నీ కలిపి 480 గ్రాములు. పన్నెండుగా కోస్తే ఒక్కోటి 40 గ్రాములు, దాదాపు 178 కేలరీలు, 4.7 గ్రాముల ప్రొటీన్, 10.5 గ్రాముల చక్కెర. అంటే కొన్న బార్‌కి సమానం. కానీ నేను పదహారుగా కోస్తాను. పిల్లల బాక్సులోకి 30 గ్రాముల ముక్క చాలు, చక్కెర 8 గ్రాములకు దిగుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే తేలికైన మార్పు ఇదే. తీపి తగ్గించాలని పాకం మరీ తగ్గిస్తే బార్ నిలబడదు, చిన్నగా కోస్తే మాత్రం ఏ నష్టమూ లేదు.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. నేను కొనే ధరల్లో ఓట్సు 30 రూపాయలు, గుళ్ళు 12, నువ్వులు 6, గుమ్మడి గింజలు 15, జీడిపప్పు 22, బెల్లం 6, తేనె 16, ఖర్జూరం 12, నెయ్యి 14. మొత్తం 133. గ్యాస్ కలుపుకున్నా 40 గ్రాముల బార్‌కి పన్నెండు రూపాయలు దాటదు. కొట్లో అదే బరువు బార్ నేను కొన్నవి 40 నుంచి 60 రూపాయల మధ్య ఉన్నాయి. నెలకు ముప్పై బార్లు తినే ఇంటికి ఇది చిన్న తేడా కాదు. కాకపోతే వారానికి ఒకటి తినే మనిషి అరకిలో ఓట్సు, పావుకిలో గుమ్మడి గింజలు తెచ్చి మిగతావి పురుగు పట్టించుకుంటే కొన్నదే చవక. నా స్నేహితురాలు ఒక్కతే అద్దె గదిలో ఉంటుంది. ఆమెకు నేను కొనుక్కోమనే చెప్పాను.

మనకు ఇక్కడ దొరికే సరుకు మంచిది. అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది. మరీ లేత పసుపు రంగులో మెరిసే బెల్లం కంటే ముదురు రంగుదే తీసుకుంటాను, రంగు తేలడానికి మందు వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది కాబట్టి. పలాస జీడిపప్పు గుండ్లు అక్కర్లేదు, ముక్కలు చాలు, ధరలో చాలా తేడా ఉంటుంది. తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో తెస్తాను. నువ్వులు, గుళ్ళు పూర్ణా మార్కెట్‌లో విడిగా తూచి ఇచ్చేచోట కొంటాను, ఎందుకంటే ఒక గింజ నోట్లో వేసుకుని చూసి కొనొచ్చు. గుళ్ళు ముక్కిపోయిన వాసన వస్తే ఎంత వేయించినా బార్ అంతా అదే వాసన. బూజు పట్టినవి, నల్లబడినవి ఏరి పారేయాలి. ఆ బూజు విషం వేడికి పోదు.

పాకం దగ్గరే అంతా ఉంది

ఇంట్లో చేసి వదిలేసినవాళ్ళు చెప్పే మాటలు రెండే. "పొడి పొడి అయిపోయింది", "రాయిలా అయిపోయింది". రెండూ పాకం వల్లే. విదేశీ వంటకాల్లో తేనె, చక్కెర కలిపి ఓవెన్‌లో పెట్టమంటారు, కొలత తప్పితే ఏం చేయాలో చెప్పరు. మన వంటింట్లో పాకం చూడడం తెలిసినవాళ్ళు ఒకరైనా ఉంటారు. వాళ్ళను పక్కన పెట్టుకోండి.

ముందు ఓట్సును మందపాటి బాణలిలో సన్నటి సెగ మీద ఎనిమిది పది నిమిషాలు వేయించాలి. రంగు కాదు, వాసన చూడాలి. పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన రావాలి. గింజలు విడివిడిగా వేయించాలి. నువ్వులు చిటపటమనగానే దించేయాలి. అన్నీ ఒక వెడల్పాటి గిన్నెలో వేసి, ఖర్జూరం ముక్కలు, ఉప్పు కలిపి, వెచ్చగానే ఉంచాలి. చల్లటి ఓట్సులో వేడి పాకం పోస్తే పోసినచోటే గడ్డకడుతుంది, కలవదు.

బెల్లం రెండు చెంచాల నీళ్ళలో కరిగించి వడకట్టండి. ఇసుక, పీచు ఉంటాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి నెయ్యి వేసి మరగనివ్వాలి. పక్కన చల్లటి నీళ్ళ గిన్నె ఉండాలి. నీళ్ళలో చుక్క వేస్తే కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తగా ఉండవుతూ జారిపోతుంటే అది లేత ఉండపాకం, అరిసెలకు సరిపోతుంది, మన పనికి చాలదు. ఉండ చేసి గిన్నె అంచుకు కొడితే ఆకారం పోకుండా ఉండి, వేలితో నొక్కితే మాత్రం నొక్కుపడాలి. బార్‌కి ఆ పాకమే కావాలి. థర్మామీటరు ఉన్నవాళ్ళకు 118 నుంచి 120 డిగ్రీలు. ఇంకా ఆగితే చుక్క గాజు ముక్కలా 'టక్'మంటుంది, అది చిక్కీ పాకం, 145 డిగ్రీలు దాటాక వస్తుంది. ఓట్సుకు ఆ పాకం పడితే పళ్ళు ఆనవు.

పొయ్యి ఆపేశాక తేనె కలపాలి. తేనెలో దాదాపు ఐదోవంతు నీరే, అది పాకాన్ని మళ్ళీ కాస్త లేతగా చేస్తుంది. అందుకే బెల్లాన్ని కొద్దిగా ముదర పట్టాలి. వెంటనే ఓట్సు మీద పోసి గరిటెతో తిరగేసి, నెయ్యి రాసిన అంచు పళ్ళెంలోకి తీసి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా నొక్కాలి. ఈ నొక్కడంలో బద్ధకించవద్దు. నేను బటర్ పేపర్ వేసి రెండు చేతుల బరువూ మోపి నొక్కుతాను. సగం వెచ్చదనం ఉండగా కత్తితో గాట్లు పెట్టాలి, పూర్తిగా చల్లారాక విడదీయాలి. తొందరపడి విడదీస్తే విరిగిపోతాయి. అలా విరిగినా బాధ అక్కర్లేదు. ఆ పొడి పెరుగులో, పాలలో వేసుకుంటే అదే గ్రనోలా. మా పిల్ల కొన్ని ఆదివారాలు అవి విరగాలనే కోరుకుంటుంది.

ఓవెన్ ఉన్నవాళ్ళు నొక్కిన పళ్ళెం 160 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టుకోవచ్చు. కరకర బాగా వస్తుంది. నాకైతే వేసవిలో ఓవెన్ పెట్టి వంటిల్లు మరింత వేడి చేసుకోవడం ఇష్టం లేదు. పొయ్యి మీద పద్ధతిలో నలభై ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఖర్జూరం ముద్దతో, పొయ్యి వెలిగించకుండా చేసే పద్ధతి కూడా ఉంది. మెత్తగా, పిల్లలు నమిలేలా ఉంటుంది. కానీ ఫ్రిజ్ బయట పెడితే విశాఖలో ఒక పూటలోనే జిగురైపోతుంది. ఇంట్లోనే తినేవాళ్ళకు బాగుంటుంది, బాక్సులోకి పనికిరాదు.

ఓట్సు అసలు ఇష్టం లేనివాళ్ళు మందపాటి అటుకులు వేయించి వేసుకోండి. వాటిలో ఓట్సుకు ఉన్నంత పీచు లేదు, కానీ రుచి మన నోటికి దగ్గర. గుప్పెడు మురీలు (మరమరాలు) కలిపితే తేలికగా వస్తుంది. చోళ్ళ (రాగుల) పిండి కమ్మగా వేయించి రెండు చెంచాలు కలిపి చూశాను. రంగు నల్లబడింది, రుచి మాత్రం చోడి ఉండలను గుర్తు చేసింది.

మన ఊరి గాలి

హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెలు ఇదే కొలతతో చేస్తే పది రోజులు కరకరలాడాయి. ఇక్కడ మూడో రోజుకే మెత్తబడ్డాయి. తేడా చేతిలో లేదు, గాలిలో ఉంది. సముద్రం పక్కన ఏడాదిలో ఎక్కువ రోజులు తేమగానే ఉంటుంది. తేనె, బెల్లం రెండూ గాలిలోని నీటిని లాక్కుంటాయి, తేనె ఇంకా ఎక్కువగా. అందుకే జూన్ నుంచి అక్టోబరు దాకా నేను తేనె పూర్తిగా మానేసి, ఆ బదులు 30 గ్రాముల బెల్లం పెంచి, పాకం ఒక మెట్టు ముదర పడతాను. డిసెంబరు, జనవరిలో మళ్ళీ తేనె.

ఒక్కో ముక్కను విడిగా బటర్ పేపర్‌లో చుట్టి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టాలి. వానల్లో బయట నాలుగైదు రోజులు, చలికాలంలో వారం పది రోజులు. ఫ్రిజ్‌లో అయితే మూడు వారాలు బాగుంటాయి. డబ్బా మూత తీసి అలాగే వదిలేసే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే రెండు చిన్న డబ్బాల్లో పెట్టండి. ఫ్యాక్టరీ బార్ గెలిచేది కచ్చితంగా ఇక్కడే. దాని రేకు పొర తేమను లోపలికి రానివ్వదు, మన బటర్ పేపర్ ఆపలేదు.

చిక్కీ, ఇంటి దగ్గర చేసి అమ్మేవాళ్ళు

పల్లీ చిక్కీ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, దాంట్లో ఏముందో చూడగానే తెలుస్తుంది. అది నాకు చాలా ఇష్టమైన గుణం. కానీ గుళ్ళు, బెల్లం సమానంగా వేసిన చిక్కీ 40 గ్రాములు తింటే అందులో 20 గ్రాములు బెల్లమే. చక్కెర 17 గ్రాములు. ప్రొటీన్ మన బార్‌కి సమానం, 5 గ్రాములు. అందుకే దాన్ని రోజూ తినేదానిలా కాక, కష్టపడి నడిచిన రోజు, పండగ రోజు తినేదానిలా చూస్తాను. గిరి ప్రదక్షిణలో ఆరు గంటలు నడిచాక ఒంటికి కావాల్సింది త్వరగా అందే తీపే. అక్కడ అది తప్పు కాదు, సరైన తిండి.

ఇప్పుడు చాలా కాలనీల్లో ఇంటి దగ్గర బార్లు, లడ్డూలు చేసి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు. చేసే తీరిక లేనివాళ్ళకు ఇది మంచి మధ్యమార్గం. కొనేముందు మూడు అడగండి. ఏ రోజు చేశారు, తీపికి ఏం వేశారు, నెయ్యా వనస్పతా. పొట్లం మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. ఒకసారి ఒక చోట కొన్న పొట్లంలో వేరుశెనగలు ముక్కిపోయాయి. చేసిన తేదీ రాసి లేదు, ఎవరినీ అడగడానికి లేకపోయింది. అప్పటినుంచి తేదీ లేనిది ఎంత బాగున్నా కొనను.

ఎవరికి ఏది

బడికి వెళ్ళే పిల్లలకు ఇంటి బార్, చిన్న ముక్క. పిల్ల వయసు నాలుగైదు ఏళ్ళ లోపు అయితే గుళ్ళు కచ్చాపచ్చాగా దంచి వేయండి, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఏడాది లోపు పసివాళ్ళకు తేనె ఉన్నది ఏదీ వద్దు, వాళ్ళ పేగుల్లో తేనెలోని సూక్ష్మజీవి విషం పుట్టించవచ్చు. వేరుశెనగ, నువ్వులు పడని పిల్లలు తరగతిలో ఉంటే ఇంటి బార్ పంచుకోవద్దని పిల్లకు చెప్పండి. కొన్నదానికి ఆ వివరం పొట్లం మీద ఉంటుంది, మనదానికి ఉండదు.

మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. రాత్రి షిఫ్టులో బ్యాగు ఎక్కడ ఉంటుందో, వేడి దగ్గర ఉంటుందో తెలియదు. ఆయనకు కొన్న బారే పెడతాను, చాక్లెట్ లేనిది. దాంతోపాటు వేయించిన శెనగలు, ఒక అరటిపండు. అరకు రైలు ఎక్కే రోజు, హైదరాబాద్ రాత్రి ప్రయాణం రోజు కూడా కొన్నవే. సంచి అడుగున వారం మర్చిపోయినా పాడవవు.

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి వచ్చి "బార్ తింటే మంచిదంట కదా" అని అడిగే పక్కింటి పెద్దాయనకు నేను చెప్పేది వేరు. గంటసేపు మామూలు నడకకు దాదాపు 200 కేలరీలు ఖర్చవుతాయి. ఒక బార్ తింటే అది తిరిగి వచ్చేసినట్టే. బరువు తగ్గాలని నడిచేవాళ్ళు ఎలాగూ ఇంటికి వెళ్ళి ఇడ్లీ తింటారు, మధ్యలో బార్ అక్కర్లేదు.

మా మావయ్యగారికి షుగర్ ఉంది. బెల్లంతో చేశారు కదా అని ఆయన మొదట్లో రోజుకు రెండు తినేవారు. నేను కూడా వద్దనలేదు, అది నా తప్పు. తిన్నాక మీటరు పెట్టి చూస్తే అంకె నిలువుగా లేచింది. ఇప్పుడు ఆయన కోసం ఆదివారం ఒక పని చేస్తాను. పాకం కలపకముందే వేయించిన ఓట్సు, గుళ్ళు, నువ్వులు, గుమ్మడి గింజల్లోంచి రెండు గుప్పెళ్ళు తీసి, కరివేపాకు, కాస్త ఉప్పూ మిరియాల పొడీ వేసి వేయిస్తాను. సాయంత్రం కాఫీ వేళకు ఆయన గిన్నె ఆయనకు. మిగిలినది పాకంలోకి వెళ్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సగం కొలతతో చేయండి. ఎనిమిది ముక్కలు వస్తాయి. మూడు డబ్బాలో, మూడు ఫ్రిజ్‌లో, రెండు రోజూ పట్టుకెళ్ళే సంచిలో పెట్టి నాలుగో రోజు విప్పి చూడండి. మీ ఇల్లు బీచ్‌కి ఎంత దగ్గరో, మీ పాకం ఎంత ముదిరిందో ఆ ఎనిమిది ముక్కలే చెబుతాయి. తర్వాతి ఆదివారం బెల్లం ఇంకో నిమిషం మరగనివ్వాలో, అర నిమిషం ముందే దించాలో అప్పుడు తెలుస్తుంది.